మావారికి కుట్టిన వేషం



కుట్టుపని గురించి మాట్లాడమన్నారు కనుక ఏ జాకెట్టు కటింగో, చంటిపిల్లల గౌనో చెబుతాననుకుంటున్నారేమో. ఇన్నాళ్ళూ అవే చెప్పాను. ఇవాళ మాత్రం మావారికి కుట్టిన ఒక వేషం సంగతి చెబుతాను. కృష్ణుడి వేషమో, దుర్యోధనుడి వేషమో అయితే ఇంత ఉపోద్ఘాతం అక్కర్లేదు. ఇది నక్షత్రాల మధ్య యుద్ధాలు చేసుకొనే ఇంగ్లీషు సినిమాలోని ఒక ముసలాయన వేషం. "ఈవిడకి మతి పోయిందా?" అనుకున్నారూ? నేనూ ముందు అలాగే అనుకున్నాను, మావారి విషయంలో.

మా ఇంటి సంగతి కాస్త చెబితే గాని ఈ వేషం సంగతి మీకు అర్థం కాదు. మావారు హైదరాబాదులో ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్సు చెబుతారు. 2020 మార్చిలో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి కదా. ఏప్రిల్‌లో సగం జీతం ఇచ్చారు. జూన్ నుంచి ఆ సగమూ లేదు. ఇంట్లో అత్తయ్యగారు, కాలేజీలో చేరబోయే అమ్మాయి, మేమిద్దరం. అప్పుడు మమ్మల్ని ఆదుకున్నది నా పెళ్ళికి మా నాన్న కొనిచ్చిన కుట్టు మిషను. మూడు పొరల నూలు మాస్కులు కుట్టి మందుల షాపులకి వేశాను. అవి తగ్గాక జాకెట్లు, ఫాల్సులు. రాత్రి పన్నెండయినా మిషను ఆగేది కాదు. మావారు పక్కన కూర్చొని ఎలాస్టిక్ ముక్కలు కత్తిరించి ఇచ్చేవారు. స్కేలు పెట్టి, గీత గీసి మరీ కత్తిరించేవారు. ఒక్కటీ పొట్టీ పొడుగూ అయ్యేది కాదు.

2021 ఏప్రిల్ నుంచి కొన్ని నెలలు ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకి నెలకి 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఇచ్చినవాళ్ళు చల్లగా ఉండాలి. కాని ఆ బియ్యం సంచీ స్కూటరు మీద పెట్టుకొని ఇంటికొచ్చిన రోజు ఆయన అన్నానికి పిలిస్తే లేవలేదు. "ఆకలిగా లేదు, మీరు కానివ్వండి" అన్నారు.

తరవాత బళ్ళు తెరిచారు. జీతమూ మొదలైంది. అంతా మామూలైపోయిందనుకున్నాను. కాని ఆయనకి ఒక కొత్త అలవాటు మిగిలిపోయింది. నన్ను ఏదీ అడగరు. అంతకు ముందు "ఏమోయ్, ఈ గుండీ ఊడింది చూడు" అని చొక్కా నా మీదకి విసిరేవారు. ఇప్పుడు ఆయనే సూదిలో దారం ఎక్కించుకొని, వేలు పొడుచుకొని కుట్టుకుంటున్నారు. పనిమంతులయ్యారని నేను మురిసిపోయాను కూడాను. ఎంత తెలివితక్కువదాన్నో చూడండి.

2024 జనవరిలో ఒక సాయంత్రం నేను జాకెట్టుకి హుక్కులు వేస్తుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డారు. చేతిలో ఒక కాగితం. "ఇలాంటిది కుట్టడం కష్టమా?" అన్నారు. "కుడతావా" అని కాదు, "కష్టమా" అని. చూద్దును కదా, నేలదాకా ఒక అంగీ, నెత్తి మీద ముసుగు, చేతిలో కర్రలాంటిదేదో. ఫిబ్రవరి 28న బళ్ళో సైన్సు దినోత్సవమట. సర్ సి.వి. రామన్ 1928లో అదే రోజున కాంతిని గురించి తన గొప్ప సంగతిని కనిపెట్టారు గనుక 1987 నుంచి దేశమంతా ఆ రోజు జరుపుకుంటున్నారు. ఆ ఏడు ఉపాధ్యాయులు కూడా ఏదో ఒక వేషం వేసుకొని వచ్చి ఒక పాఠం చెప్పాలన్నారట.

నేను నవ్వాను. పెదవి చాటు నవ్వు కాదు, సూది పక్కన పెట్టి మరీ నవ్వాను. "ఈ వయసులో వేషాలేమిటండీ! పిల్లలు వెంటపడి ఏడిపిస్తారు" అన్నాను. ఆయనా నవ్వి, "నిజమేలే" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు బట్టలు నానబెట్టేముందు జేబులు వెతుకుతుంటే ఆ కాగితం దొరికింది. వెనక వైపున చిన్న చిన్న అక్షరాలతో కొలతలు రాసి ఉన్నాయి. భుజం నుంచి నేలకి 56 అంగుళాలు, చెయ్యి 24, ఛాతీ 38. దానితో బాటు ముళ్ళు వేసిన పురికొస ఒకటి. నా టేపు మిషను సొరుగులోనే ఉంటుంది. అది తీసుకోవాలంటే ఎందుకో చెప్పాలి కదా. అందుకని ఆయన పురికొసతో కొలుచుకొని, ముడి వేసి, దాన్ని స్కేలు మీద పెట్టి లెక్క కట్టుకున్నారు. ఆ పురికొస చేత్తో పట్టుకొని పెరట్లో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

ఆ రాత్రి వంటిల్లు సర్దాక, "ఆ సినిమా ఏదో నాకూ చూపించండి" అన్నాను. ఆయన నమ్మలేదు. అమ్మాయే టీవీలో పెట్టింది. 'స్టార్ వార్స్' అని, 1977లో అమెరికాలో వచ్చింది. జార్జ్ లూకస్ అనే ఆయన తీశారు. మావారు పన్నెండేళ్ళ వయసులో వాళ్ళ మేనమామ ఇంట్లో చూశారట. ఆ రోజుల్లో వి.సి.ఆర్. అద్దెకి తెచ్చి రాత్రంతా వరసగా సినిమాలు వేసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. రెండు తెలుగు సినిమాలు అయ్యేసరికి ఇంటిల్లిపాదీ పడి నిద్రపోతే, మూడో క్యాసెట్టు ఈయన ఒక్కరే కూర్చొని చూశారట. ఒక్క ముక్క ఇంగ్లీషు అర్థం కాలేదట. పొద్దున్నే లెక్కల మాస్టారి దగ్గరకి పోయి, "నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య ఎంత దూరం ఉంటుందండీ?" అని అడిగారట. ఆయన ఫిజిక్సు చదవడం అక్కడ మొదలైందని మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి నాకు తెలిసింది.

కథ నాకు సగమే తెలిసింది. ఒక కుర్రాడు, అతనికి దారి చూపించే పెద్దాయన, నల్ల ముసుగు దుర్మార్గుడు. మన జానపద సినిమాల కథే. కాని ఎడారిలో ఆ పెద్దాయన, ఓబీ-వాన్ కెనోబీ, మట్టిరంగు ముసుగు వేసుకొని కొండరాళ్ళ మధ్య నుంచి వస్తుంటే నేను గబుక్కున లేచి కూర్చున్నాను. "ఏమండీ, ఇది మా తాతయ్య గొంగడి!" అన్నాను.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. వానాకాలం మా తాత గొంగడిని నెత్తి మీద ముసుగులా మడిచి, భుజాల మీదుగా మోకాళ్ళ దాకా వేలాడేట్టు కప్పుకొని చేలోంచి వచ్చేవాడు. గొర్రెబొచ్చుతో నేసిన గొంగడి మీద వాన చినుకు ఒక పట్టాన ఇంకదు. ఆ మసక వెలుతురులో ముఖం కనబడేది కాదు. గొంగడి మటుకు నడిచి వస్తున్నట్టుండేది. దగ్గరికొచ్చి ముసుగు వెనక్కి తీస్తే తాత. సినిమాలో ఆ పెద్దాయనా అచ్చం అలాగే ముసుగు వెనక్కి తీశాడు. ఆ తరవాత నాకు అది విచిత్ర వేషంలా కనబడలేదు. నాకు తెలిసిన బట్టే.

ఆ దుస్తుల సంగతి అమ్మాయి చేత చదివించుకున్నాను. జాన్ మాలో అనే ఆయన వాటిని రూపొందించారట. ఆయన అసలు సైనికుల యూనిఫారాల చరిత్ర తెలిసిన మనిషి. ఈ సినిమాకి 1978లో ఆస్కార్ ఇచ్చారు. లోపలి అంగీ జపానువాళ్ళ కిమోనోలాంటిది. ఆ దర్శకుడికి జపాను దర్శకుడు కురసావా సినిమాలంటే అభిమానమట. ఆ పెద్దాయన వేషం వేసిన ఎలెక్ గిన్నిస్ మన దేశం కథతో 1984లో వచ్చిన 'ఎ పాసేజ్ టు ఇండియా'లో గాడ్‌బోలే అనే ప్రొఫెసరుగా కూడా నటించారు. ఇంకో తమాషా చెబుతాను. సినిమా అయిపోయాక ఆ పైఅంగీ అద్దె దుస్తుల కంపెనీకి పోయి, అక్కడ మామూలు బట్టల్లో కలిసిపోయిందట. 1999లో వచ్చిన 'ది మమ్మీ' అనే సినిమాలో గుంపులో మనిషికి కూడా దాన్నే తొడిగారట. తరవాత ఎవరో ఆనవాలు పట్టారు. 2007లో లండనులో వేలం వేస్తే 54,000 పౌన్లు పలికింది. మనమైతే నాలుగు కలరా ఉండలు వేసి ఇనప్పెట్టెలో దాచేవాళ్ళం కాదూ?

ఇక కుట్టు సంగతి. లోపలి అంగీకి కోరాగుడ్డ నాలుగు మీటర్లు, పైఅంగీకి పరదాలకి వాడే దళసరి నూలుగుడ్డ కాఫీగింజ రంగులో ఆరున్నర మీటర్లు తెచ్చాను. సికింద్రాబాదు జనరల్ బజారులో ఆ పూటంతా తిరిగాను. అసలుది ఉన్నిబట్ట. ఫిబ్రవరి నెలాఖరు హైదరాబాదు ఎండకి ఉన్ని వేస్తే మాస్టారు పాఠం మధ్యలోనే సొమ్మసిల్లుతారు. కోరాగుడ్డని రాత్రంతా నీళ్ళలో నానవేసి ఆరేశాను. నాలుగు మీటర్ల మీద జానెడు కుంగింది! నానవేయకుండా కత్తిరించి ఉంటే మొదటి ఉతుకుకే అంగీ కాస్తా బనీను అయ్యేది. తరవాత వంద గ్రాముల టీపొడి పెద్ద గిన్నెలో మరిగించి, వడకట్టి, ఆ డికాక్షనులో అరగంట ముంచాను. కలుపుతూనే ఉండాలి సుమండీ. ఫోను మోగిందని నేను రెండు నిమిషాలు అటు వెళ్ళేసరికి ఒక పక్క మరక కట్టింది. ఆ ముక్కని చంక కిందకి తోశాను.

లోపలి అంగీ కత్తిరింపు మనందరికీ వచ్చిందే. చంటిపిల్లలకి పురుడు రోజుల్లో కుట్టే బొందెల జుబ్బా ఉంటుంది చూడండి, ఒక ముందుభాగం రెండోదాని మీదకి వచ్చి పక్కన ముడివేసేది, అదే. దాన్నే మోకాళ్ళ దాకా పెంచుకోవాలి. చేతులు మెగ్యార్ పద్ధతిలో వంటితో కలిపి కత్తిరించాను. లోపల ఒక జత బొందెలు, బయట ఒక జత. ఎడమ భాగం కుడి భాగం మీదకి రావాలి. జపానులో కుడి భాగం పైకి వేసేది పోయినవాళ్ళకి మాత్రమేనట. నేను తెలియక మొదట అలాగే కచ్చాకుట్టు వేశాను. మావారు అద్దంలో చూసుకొని, "నన్ను అప్పుడే పంపించేస్తున్నావా?" అన్నారు. చాలా రోజులకి ఆయన నాతో పరాచికమాడారు. కుట్లు విప్పుతూ నేను కూడా నవ్వాను. ఈసారి నవ్వు వేరు.

తొడిగి చూశాక ఆయన ఊరికే నిలబడకుండా, అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి గోడ మీద బోర్డు రాస్తున్నట్టు కదిపారు. చర్రున చంక చిరిగింది. తప్పు నాది. నేను సినిమాలో ఆయనకి కొలతలు తీశాను కాని, చెయ్యెత్తి బోర్డు మీద రాసే మాస్టారికి తీయలేదు. చంక కింద నాలుగు అంగుళాల పలక ముక్క, మూలలు పైకీ కిందకీ వచ్చేట్టు, రెండు పక్కలా అతికాను. మీరు కూడా మెగ్యార్ చేతుల జాకెట్టు బిగుతుగా కుట్టేటప్పుడు ఈ ముక్క పెట్టుకోండి. పై అటక మీద డబ్బా అందుకోబోతే చంక పోయే బాధ ఉండదు.

పైఅంగీకి పన్నా 44 అంగుళాలు. వీపుకి నిండు పన్నా ఒకటి, ముందుకి మరొక పన్నా నిలువునా రెండు ముక్కలు. ఇంకో నిలువుని రెండు పలకలు చేసి, ఒక్కో పలకనీ మూల నుంచి మూలకి కోస్తే నాలుగు కలీలు వస్తాయి. వాటిని పక్కలకి రెండేసి అతికితే కింద ఘేరు నిండుగా వస్తుంది. కలీలు క్రాసు మీద ఉంటాయి కనుక అతికిన వెంటనే కింద అంచు మడవకూడదు. ఒక రాత్రంతా హేంగరుకి వేలాడదీశాను. పొద్దున చూస్తే పక్కలు అంగుళంన్నర జారి ఉన్నాయి. అంబ్రెల్లా గౌన్లు కుట్టినవాళ్ళకి ఈ జారుడు సంగతి తెలిసిందే. బట్ట మందం కనుక సూది 16 నంబరుది వేసుకోవాలి. 14 వేస్తే విరిగి కంట్లోకి ఎగురుతుంది. నాలుగు మీటర్ల పైన అంచు చేతితో హెమ్మింగు చేసింది మా అత్తయ్యగారు. డెబ్భై అయిదేళ్ళ మనిషి, కళ్ళజోడు సర్దుకుంటూ, "ఏమే, ఏనుగుకి లంగా కుడుతున్నావుటే?" అని అడుగుతూనే పూర్తి చేశారు.

నన్ను ఏడిపించింది ముసుగు టోపీ. పిల్లల రెయిన్‌కోటు టోపీ చూసి మొదటిది కత్తిరించాను. మావారి తలకి అది కోతికి కుల్లాయి పెట్టినట్టుంది. రెండోది పెద్దది చేస్తే ముందుకు పడి ముక్కు దాకా మూసేసింది. గుడ్డ తక్కువ, ఇంక ఒక్కసారికే మిగిలింది. అప్పుడు తట్టింది. అటక మీద పెట్టెలోంచి పుట్టింటి గొంగడి తీయించాను. తాత పోయాక అమ్మ నాకిచ్చింది. పెట్టె మూత తీయగానే వానలో తడిసిన ఊరి వాసన వచ్చింది. దాన్ని తాత మడిచినట్టే మడిచి మావారి నెత్తి మీద కప్పి, భుజం మీద ఎక్కడ ఆనుతుందో, నుదుటి మీద ఎక్కడ ఆగుతుందో టేపుతో కొలిచాను. ఎత్తు 17 అంగుళాలు, లోతు 14. రెండు ముక్కలు కనుక టోపీ అడుగు 28 అంగుళాలు. మెడ చుట్టు 22. మిగిలిన ఆరు అంగుళాలూ వెనక రెండు కుచ్చులుగా మడిచేశాను. అమ్మయ్య, కుదిరింది. కొలిచేటప్పుడు మావారు కదలకుండా నిలబడ్డారు. "గుచ్చుకుంటోందా?" అన్నాను. "గుచ్చుకుంటోంది, ఫర్వాలేదు" అన్నారు.

ఇంకొక్క ఇబ్బంది మిగిలింది. టోపీ బరువుకి పైఅంగీ వెనక్కి జారి గొంతు పట్టేస్తోంది. భుజాల మీద లోపలి అంగీకీ పైఅంగీకీ రెండేసి టిచ్ బటన్లు కుట్టాను. నడుముకి పాత రెక్సిన్ సంచీ చీల్చి, లోపల కాన్వాసు పెట్టి నాలుగు అంగుళాల పటకా చేశాను. ఆ సినిమాలో కాంతితో చేసిన కత్తి ఒకటి ఉంటుంది. దాన్ని కూడా నన్నే చేయమంటారేమో అనుకున్నాను గాని ఆయన అక్కర్లేదన్నారు.

28వ తారీకు నేనూ బడికి వెళ్ళాను. పిలుపు లేదు, వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన ముసుగుతో లోపలికి వస్తుంటే పిల్లలు ముందు గొల్లున నవ్వారు. నాకు గుండె జారింది. నేను అన్నమాటే నిజమవుతుందా అనుకున్నాను. ఆయన ముసుగు మెల్లిగా వెనక్కి తీసి, వాళ్ళు నవ్వడం అయ్యేదాకా ఊరుకున్నారు. తరవాత పటకాలోంచి రెండు టార్చిలైట్లు తీశారు. కిటికీలు మూయించి, రెండు కాంతుల్నీ అడ్డంగా కలిపారు. ఒక పిల్లవాడి చేత డస్టరు దులిపిస్తే ఆ సుద్దపొడిలో వెలుగు గీతలు స్పష్టంగా కనబడ్డాయి. "చూడండర్రా, ఒకదాన్నొకటి తగిలాయా? తగలవు. దూరి వెళ్ళిపోతాయి. పైగా కాంతి మూడడుగుల దగ్గర ఆగమంటే ఆగదు. అందుకని నా కత్తి ఇంట్లో పెట్టి వచ్చాను" అన్నారు. ఆకాశంలో గాలి లేదు కనుక ఆ సినిమాలో ఓడలు పేలినప్పుడు వినబడే చప్పుడంతా అబద్ధమేనన్నారు. ఇన్ని అబద్ధాలున్న సినిమా చూసే తాను ఫిజిక్సు చదివానని కూడా చెప్పారు. చెయ్యెత్తి బోర్డు నిండా రాశారు. చంక చిరగలేదు. చేతి ఘేరు మాత్రం సగం బోర్డు తుడిచేసింది. అది నాకు ముందే తోచి ఉండాల్సింది.

పాఠం అయ్యాక పిల్లలు చుట్టూ మూగి, "ఇది ఎక్కడ కొన్నారు సార్?" అని అడిగారు. ఆయన వెనక బెంచీ వైపు చెయ్యి చూపించారు. పిల్లలంతా ఒక్కసారి నా వైపు తిరిగితే ఎక్కడ చూడాలో తెలియక పైటచెంగు సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ వారంలోనే ఆదివారం నాడు ఆయన బీరువా అడుగునుంచి మూడు చొక్కాలు తెచ్చి మిషను మీద పెట్టారు. మూడింటికీ కాలరు మడత దగ్గర చిరిగి దారాలు లేచి ఉన్నాయి. ఎన్నాళ్ళ నుంచి అవి లోపలికి మడుచుకొని వేసుకుంటున్నారో ఏమో, నేను కనిపెట్టనే లేదు. "ఏమోయ్, వీటికి కాలరు తిప్పి కుడతావా?" అన్నారు.

కాలరు తిప్పడం మీలో కొందరికి తెలియకపోవచ్చు. మెడ పట్టీ దగ్గర కుట్టు విప్పి, కాలరుని వెనక్కి ముందుకి మార్చి అదే పట్టీలో దూర్చి కుడితే, చిరిగిన వైపు లోపలికి పోతుంది. చొక్కా ఇంకో రెండేళ్ళు వస్తుంది. కుట్టు విప్పేటప్పుడు కాలరు నడిమధ్యన, పట్టీ నడిమధ్యన సుద్దతో గుర్తు పెట్టుకోవడం మరచిపోకండి. మూడూ ఆ మధ్యాహ్నమే కుట్టి ఇచ్చాను.

సెలవు.